కాలనీ పెద్దలకు సన్మానం చేయాలంటే: పత్రం నుంచి పని అప్పగింత దాకా

హన్మకొండ, కాజీపేట, వరంగల్‌లో ఏ కాలనీకి పోయినా ఇరవై ముప్పై ఏళ్లుగా పైసా ముట్టకుండా అందరి పని నెత్తినేసుకున్న పెద్దమనిషో, పెద్దమ్మో ఒకరుంటారు. నల్లా నీళ్ల కోసం మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగేది, చెట్లకు నీళ్లు పోయించేది, అర్ధరాత్రి రక్తం కావాలంటే దాతను వెతికేది వాళ్లే. వాళ్లకు సన్మానం చేద్దామనుకుంటే ఆరు వారాల ముందే పని మొదలుపెట్టండి. శాలువా, దండ రెండు రోజుల్లో వస్తాయి. వాళ్లు చేసిన పనుల వివరం కూడబెట్టడానికే నెల పడుతుంది.

మొట్టమొదట వాళ్ల ఒప్పుకోలు తీసుకోవాలి. ఇద్దరు పెద్దలు ఇంటికి వెళ్లి, భార్యాభర్తలిద్దరి ముందే అడగాలి. "నాకెందుకయ్యా ఇవన్నీ" అంటే ఆ రోజుకు బలవంతపెట్టకుండా వచ్చేసి, వారం ఆగి మళ్లీ కదపండి. ఏవి బయటికి చెప్పొద్దో కూడా అప్పుడే అడిగి రాసుకోండి. ఎవరి బిడ్డకు ఫీజు కట్టారో, ఎవరి ఇంట్లో చావుకు ఖర్చు పెట్టుకున్నారో మైకులో చెప్తే సాయం పొందినవాళ్లు తలెత్తుకోలేరు. ఆ పేర్లు సన్మాన పత్రంలోకి, అంటే సభలో చదివి ఫ్రేము కట్టించి ఇచ్చే కాగితంలోకి, రాకూడదు.

ఇక వివరాలు. పది పదిహేను మందితో విడివిడిగా మాట్లాడాలి: పాత కమిటీ సభ్యులు, బడి టీచరు, పారిశుధ్య కార్మికులు, కిరాణా కొట్టాయన, మొదట ఇల్లు కట్టుకున్న కుటుంబాలు. "ఏ సంవత్సరం?" అంటే ఎవరికీ గుర్తుండదు. "ఆ ఏడు మేడారం జాతర ఉందా?" అనండి, వెంటనే లెక్క తేలుతుంది. జాతర రెండేళ్లకోసారి, ఈ మధ్యకాలంలో 2018, 2020, 2022, 2024లో జరిగింది. తెలంగాణ వచ్చిన 2014 జూన్, జిల్లాలు విడిపోయిన 2016 దసరా, లాక్‌డౌన్ పెట్టిన 2020 మార్చి, నగరం నీట మునిగిన 2020 ఆగస్టు, 2023 జూలై కూడా ఇలాగే పనికొస్తాయి. ఒక్కో పనికి ఇద్దరి మాట కలిస్తేనే రాసుకోండి. కమిటీ మినిట్స్ పుస్తకం, పాత దరఖాస్తుల జిరాక్సులు, రక్తదాన కార్డులు దొరికితే మరీ మంచిది. ఒకరి పని ఇంకొకరి ఖాతాలో పడితే, ఆ రోజు సభలో కూర్చున్న అసలు మనిషి మనసు విరిగిపోతుంది.

సన్మాన పత్రం 120 నుంచి 150 మాటల్లో ఉండాలి. అంతకు మించితే చదివేవాళ్లకూ వినేవాళ్లకూ ఓపిక ఉండదు. "నిస్వార్థ సేవాతత్పరులు, మృదుభాషులు, అజాతశత్రువులు" అని నింపేస్తే ఆ పత్రం ఏ ఊళ్లో ఎవరికిచ్చినా సరిపోతుంది, అంటే ఎవరికీ చెందదు. "2020 ఆగస్టులో నాలా పొంగినప్పుడు మూడో వీధివాళ్లను బడికి చేర్చి, రెండు పూటలా వంట చేయించారు" లాంటి వాక్యాలు నాలుగు చాలు. ఇంటిపేరు, పేరు వాళ్లు సంతకంలో ఎలా రాస్తారో అలాగే రాయండి.

ప్రింటింగ్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఫోన్‌లో టైప్ చేసేది యూనికోడ్, అంటే ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి. డీటీపీ, ఫ్లెక్సీ షాపుల్లో చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడతారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతాయి, అంకెలు మారతాయి. "స్వచ్ఛంద", "జ్ఞాపిక", "కృతజ్ఞత" మాటలను ప్రత్యేకంగా చూసుకోవాలి. స్క్రీన్ మీద చూసి సరే అనొద్దు. కాగితం మీద ప్రూఫ్ తీయించి, రాసినవాళ్లు కాకుండా వేరే ఇద్దరు గట్టిగా చదవాలి. ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోయి ఫ్లెక్సీ మీద ముఖం మసకబారుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఫ్లెక్సీ మీద ఒక్కరి ఫొటోనే ఉండాలి. నాయకుల ఫొటోలు ఒకటి చేరితే పది చేరతాయి, సన్మానం ఎవరికో వెతుక్కోవాల్సి వస్తుంది. పత్రానికి 12×18 అంగుళాల ఫ్రేము, అద్దం బదులు అక్రిలిక్ షీటు, మ్యాట్ లామినేషన్ చెప్పండి. చేజారినా అద్దంలా పగలదు.

జ్ఞాపికగా ప్లాస్టిక్ కప్పు వద్దు. మన చుట్టుపక్కలే పెంబర్తి ఇత్తడి పని ఉంది, కొత్తవాడ జంపఖానా ఉంది, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ (సన్నటి వెండి తీగల అల్లిక) ఉంది. మా ఓటు మాత్రం చేర్యాల నకాషీ బొమ్మకే, అంటే గుడ్డ మీద రంగులతో గీసే పటానికే. ఆ పటాలు పుట్టిందే కథ చెప్పడానికి. వాళ్లు చేసిన మూడు పనులను మూడు గళ్లలో గీయించవచ్చు. మొదటి రెండు వారాల్లోనే ఖాయమైన పనుల ఫొటోలు, వివరాలు ఇచ్చేసి, కనీసం నెల గడువు ఇవ్వాలి.

తేదీ పెట్టేటప్పుడు బతుకమ్మ తొమ్మిది రోజులు, జాతర వారం, మార్చి పరీక్షలు, గట్టి పెళ్లి ముహూర్తాలు తప్పించండి. ముహూర్తం రోజుల్లో టెంట్‌హౌస్ వాళ్లూ ఫొటోగ్రాఫరూ దొరకరు. ఆదివారం సాయంత్రం ఐదున్నరకు మొదలుపెట్టి గంటంపావులో ముగించాలి. ఎత్తైన స్టేజీ అక్కర్లేదు. సోఫా వేస్తే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లేవలేరు, చేతులున్న గట్టి కుర్చీ వేయండి, పక్కనే జీవిత భాగస్వామికి ఇంకొకటి. మోకాళ్ల దాకా వేలాడే బంతిపూల దండ మెడ నొప్పి పుట్టిస్తుంది, చిన్నది చాలు. ఎండాకాలమైతే ఉన్ని శాలువా బదులు చేనేత కండువా.

ముందు పత్రం చదవాలి, తర్వాత బొట్టు, దండ, కండువా, జ్ఞాపిక. కండువా కప్పే అవకాశం పారిశుధ్య కార్మికురాలికో, సన్మానం అందుకునేవాళ్ల దగ్గర చదువుకున్న పిల్లలకో ఇవ్వండి. నలుగురే మాట్లాడాలి, తలా మూడు నిమిషాలు. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆగొద్దు, వచ్చాక జ్ఞాపిక ఆయన చేత ఇప్పించవచ్చు. సన్మానం అందుకున్నవాళ్లు మాట్లాడాకే ఫలహారం పంచాలి, ముందే పంచితే సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. వందమందికి తలా నాలుగు చొప్పున 400 సకినాలు, 80 మిల్లీలీటర్ల కప్పులతో పది లీటర్ల చాయ్ సరిపోతాయి. విడివిడిగా శాలువాలు తెచ్చేవాళ్లకు నోట్‌బుక్కులు తెమ్మని ఆహ్వానంలోనే రాయండి, అవి ప్రభుత్వ బడికి ఇవ్వవచ్చు.

చందాల లెక్క మూడు రోజుల్లో నోటీసు బోర్డు మీద పెట్టాలి. సన్మానం అందుకున్నవాళ్ల నెత్తి మీది పని కూడా దించాలి కాబట్టి, ఆ వారంలోనే ఇద్దరు పడుచువాళ్లు వాళ్లింటికి వెళ్లి బోరు మోటారు తాళం, రక్తదాతల జాబితా, ఆఫీసుల్లో పెండింగులో ఉన్న దరఖాస్తుల ఫైలు తీసుకోవాలి. ఏ పనికి ఎవరి దగ్గరికి పోవాలో దగ్గర కూర్చుని అడిగి రాసుకుని, ఆ ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు ఇంటింటికీ తెలియజేయండి.