సినిమా చూసి రాయడం – 5వ పాఠం: ఒక మాట వెంట నడవడం

పోయిన పాఠంలో కెమెరా ఎవరి పక్షాన నిలబడిందో గమనించాం. ఈసారి మాటల మీద పని చేద్దాం. ఒక మాట సినిమాలో ఎక్కడ మొదలైందో, ఎక్కడ దాని అర్థం మారిందో పట్టుకోవాలి.

ఇందుకు నేను ఎంచుకున్నది 2006లో వచ్చిన ‘ద గార్డియన్’. చివరిదాకా చెప్పేస్తాను కాబట్టి, చూడనివాళ్లు ముందు చూసి రండి. అమెరికా కోస్ట్ గార్డ్‌లో రెస్క్యూ స్విమ్మర్లుంటారు, తుఫానులో హెలికాప్టర్ నుంచి సముద్రంలోకి దూకి మనుషుల్ని కాపాడేవాళ్లు. వాళ్లలో పేరుమోసినవాడు బెన్ రాండల్ (కెవిన్ కాస్ట్‌నర్). ఒక రాత్రి హెలికాప్టర్ కూలి తోటివాళ్లంతా పోతారు, తనొక్కడే మిగులుతాడు. అతన్ని అలాస్కా నుంచి ట్రైనింగ్ స్కూల్‌కి పాఠాలు చెప్పడానికి పంపిస్తారు. అక్కడ చేరిన జేక్ ఫిషర్ (ఆష్టన్ కుచర్) ఈతలో ఛాంపియన్, బాగా పొగరున్న కుర్రాడు. హైస్కూల్ రోజుల్లో కారు ప్రమాదంలో స్నేహితుల్ని పోగొట్టుకుని, తనొక్కడే బతికాడని తర్వాత తెలుస్తుంది.

ఇలాంటి సినిమా గురించి రాసేటప్పుడు అందరి చూపూ ట్రైనింగ్ మీదికే పోతుంది. ఐసు పోసిన నీళ్లలో నిలబెట్టడాలు, అరుపులు. మొదటిసారి నేనూ వాటి గురించే పేజీ నింపాను. మళ్లీ చూశాక అర్థమైంది, అసలు సంగతి ఒక అంకెలో ఉందని.

స్కూల్లో అందరికీ ఒకటే ఆరా: రాండల్ ఎంతమందిని కాపాడాడు? రెండొందలని చెప్పుకుంటారు. వింటున్న మనకి అది ఘనతలాగే అనిపిస్తుంది. చాలాసేపటి తర్వాత జేక్ నేరుగా అడుగుతాడు, అసలు నీ నంబర్ ఎంత అని. ఇరవై రెండు అంటాడు రాండల్. పర్లేదు, రెండొందలు కాకపోయినా బాగానే ఉందన్నట్టు జేక్ సర్ది చెప్పబోతాడు. అప్పుడు రాండల్ చెప్తాడు: అది తను కాపాడలేకపోయినవాళ్ల లెక్క, తను గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్క లెక్కేనని. ఏడుపు లేదు, ఫ్లాష్‌బ్యాక్ లేదు. మనం ఇంతసేపూ పొగడ్తగా విన్న ప్రశ్న అతన్ని ఎక్కడ తాకుతూ వచ్చిందో ఆ క్షణంలో తెలుస్తుంది.

ఇప్పుడు రాద్దాం. “రాండల్ చాలా బాధలో ఉన్నాడు, కాస్ట్‌నర్ అద్భుతంగా నటించాడు” అని రాస్తే ఆ వాక్యం ఏ సినిమాకైనా అతుకుతుంది. కొట్టేయండి. “కాపాడినవాళ్ల లెక్క అడిగితే రాండల్ పోయినవాళ్ల లెక్క చెప్పాడు” అనండి. ఇందులో బాధ అనే మాటే లేదు, అయినా చదివేవాడికి తగులుతుంది. పైగా ఇది ఈ సినిమాకి తప్ప ఇంకో సినిమాకి పనికిరాదు.

మాట వెంటే కాదు, వస్తువు వెంట కూడా ఇలాగే నడవొచ్చు. చివర్లో ఇద్దరూ ఒకే కేబుల్‌కి వేలాడుతుంటారు, ఆ బరువుకి కేబుల్ పోగులు తెగుతుంటాయి. రాండల్ తన కొక్కెం విప్పేసుకుంటాడు. జేక్ అతని చెయ్యి పట్టుకుని వదలనంటాడు. తెలుసంటాడు రాండల్, అని తన గ్లవ్ పట్టీ ఊడదీస్తాడు. జేక్ మాట తప్పలేదు, వదలలేదు. గ్లవ్ అతని చేతిలోనే ఉండిపోయింది. ఒంటరిగా బతికి బయటపడ్డమంటే ఏమిటో తెలిసిన గురువు, శిష్యుణ్ణి మళ్లీ అదే స్థితిలో వదిలి వెళ్లాడు. నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టేది ఇదే. దీన్ని త్యాగం అనే ఒక్క మాటతో తేల్చేయకండి.

అభ్యాసానికి ‘మేజర్’ (2022) చూడండి. 2008 ముంబయి దాడుల్లో తాజ్ హోటల్లో ప్రాణాలిచ్చిన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ జీవితం ఆధారంగా తెలుగు, హిందీల్లో తీసిన సినిమా. నోట్‌బుక్‌లో పేజీ మధ్య గీత గీయండి. ట్రైనింగ్ సీన్లలో విన్న మాటలు, చూసిన వస్తువులు ఎడమవైపు, తాజ్ సీన్లలోవి కుడివైపు రాయండి. రెండు వైపులా కనబడ్డ ఒక్కదాన్ని తీసుకుని ఐదు వాక్యాలు రాయండి. బాధ, త్యాగం, అద్భుతం అనే మూడు మాటలూ వాడకూడదు. వచ్చే పాఠంలో అవే ఐదు వాక్యాల్ని మూడుకి కుదిద్దాం.