చరిత్ర పత్రాలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: మూడో గడిలో ఏం రాయాలి?

పోయిన పాఠంలో చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్ 1793లో ఇంగ్లండ్ రాజు మూడో జార్జికి పంపిన జవాబు చదివాం. మీ సరుకులు మాకు అక్కర్లేదన్న ధీమా ఆ ఉత్తరం నిండా ఉంది. ఆ తర్వాత యాభై ఏళ్లు కూడా గడవలేదు. 1842 ఆగస్టు 29న ఆయన మనవడు దావోగువాంగ్ చక్రవర్తి తరఫున అధికారులు చీయింగ్, యీలీబు నాన్‌జింగ్ దగ్గర యాంగ్‌సీ నదిలో లంగరేసిన కార్న్‌వాలిస్ అనే బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కి, బ్రిటన్ చేతిలో ఓడిన నల్లమందు యుద్ధాన్ని ముగిస్తూ నాన్‌జింగ్ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఈ వారం చదవబోయేది ఆ ఒప్పందమే.

నోటుబుక్కులో ఒక పేజీని మూడు నిలువు గడులు చేయండి. మొదటి దాంట్లో ఎవరు ఇచ్చారో, రెండో దాంట్లో ఎవరు పుచ్చుకున్నారో రాయండి. మూడో గడికి ‘ఇక మీదట ఈ సంగతి తేల్చేది ఎవరు?’ అని పేరు పెట్టండి. ఒప్పందంలో 13 షరతులున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా ఈ గడుల్లోకి దించాలి.

మొదటి రెండు గడులు సులువుగానే నిండుతాయి. హాంకాంగ్ దీవి బ్రిటన్‌కు పోయింది. గ్వాంగ్‌జౌ, షియామెన్, ఫూజౌ, నింగ్‌బో, షాంఘై రేవులు తెరుచుకున్నాయి. చైనా కట్టాల్సింది 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు. ఇక్కడ మొత్తం అంకె ఒక్కటే రాసి ముందుకు వెళ్లిపోకండి, దాన్ని విడదీయండి. నాశనమైన నల్లమందుకు 60 లక్షలు, చైనా వర్తకులు బ్రిటిష్ వర్తకులకు బాకీపడ్డ 30 లక్షలు, యుద్ధానికైన ఖర్చు 1 కోటి 20 లక్షలు. అంటే తమ మీదికి దండెత్తి వచ్చిన సైన్యం ఖర్చును కూడా చైనావాళ్లే భరించారు. ఆ సైన్యంలో మద్రాసు సిపాయిలు కూడా ఉన్నారు. మద్రాసు సైన్యంలోకి తెలుగు జిల్లాల నుంచీ మనుషుల్ని చేర్చుకునేవాళ్లు. 1841 మేలో గ్వాంగ్‌జౌ పక్కన సాన్‌యువాన్‌లీ దగ్గర 37వ మద్రాసు రెజిమెంటుకు చెందిన ఒక కంపెనీని ఊళ్ల జనం చుట్టుముట్టారు. కుండపోత వానకు తడిసి సిపాయిల తుపాకులు పేలలేదు.

డబ్బు వాయిదాల మీద 1845 చివరికల్లా కట్టాలి. ఆలస్యమైతే నూటికి 5 చొప్పున వడ్డీ. డబ్బంతా ముట్టి, రేవులు తెరుచుకునేదాకా జౌషాన్, గులాంగ్‌యు దీవుల్లో బ్రిటిష్ సైన్యం ఉంటుంది. దీన్ని మనం తాకట్టు అంటాం. మూడో గడిలో కూడా ఆ మాటే రాయండి.

నేను చాలా ఏళ్లు ఈ డబ్బు, హాంకాంగ్ దగ్గరే ఆగిపోయాను. అసలు విషయం పదో షరతులో ఉంది. ఎగుమతి, దిగుమతులపై న్యాయమైన, క్రమబద్ధమైన సుంకాన్ని చైనా నిర్ణయించి ప్రకటించాలని అది చెబుతుంది. చదివితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. కానీ 1843లో బ్రిటన్‌తో కలిసి తేల్చిన రేట్లు చాలా సరుకుల మీద దాదాపు 5 శాతం చుట్టూ ఉన్నాయి. అవతలి పక్షం ఒప్పుకోకుండా వాటిని పెంచడానికి లేదు. తన సుంకాన్ని తానే నిర్ణయించుకునే హక్కు చైనాకు మళ్లీ 1929లో గానీ రాలేదు. 87 ఏళ్లు! మూడో గడిలో ఇది పెద్ద అక్షరాలతో రాయండి.

ఇంకో అలవాటు చేసుకోవాలి. పత్రంలో ఏది లేదో కూడా వెతకాలి. చక్రవర్తి పంపిన అధికారి లిన్ జెషూ 1839 జూన్‌లో హూమెన్ దగ్గర 20 వేలకు పైగా నల్లమందు పెట్టెల్ని నాశనం చేయించాడు, యుద్ధం మొదలైంది దానితోనే. ఒప్పందంలో ఆ సరుకుకు పరిహారం ఉంది గానీ, ఇక మీదట నల్లమందు అమ్మవచ్చా లేదా అన్నది ఒక్క ముక్క లేదు. ఆ మౌనం చాటున దొంగ వ్యాపారం పెరిగింది. 1858లో దానికి చట్టబద్ధత వచ్చింది.

ఇప్పుడు పేజీ తిప్పి 1851 అని రాయండి. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌షీలో హోంగ్ షియుచ్వాన్ నడిపించిన తైపింగ్ తిరుగుబాటు ఆ జనవరిలో మొదలైంది. అది చైనాను ఏలుతున్న చింగ్ వంశం మీద తిరుగుబాటు. ఒప్పందమే దీనికి కారణమని రాస్తే తప్పు. కరువులు, భూమి చాలకపోవడం, జాతుల మధ్య తగాదాలు ముందు నుంచీ ఉన్నాయి. అయితే వ్యాపారం షాంఘైకి మళ్లాక గ్వాంగ్‌జౌ దారిలో టీ మోసే కూలీలకు, పడవవాళ్లకు పని పోయింది. వాళ్లలో కొందరు తిరుగుబాటు వైపు వెళ్లారు. 1853 మార్చిలో తైపింగులు నాన్‌జింగ్‌ను పట్టుకుని రాజధాని చేసుకున్నారు. పదకొండేళ్ల కిందట సంతకాలు జరిగింది ఆ ఊరి దగ్గరే.

తైపింగులతో యుద్ధానికి చింగ్ ప్రభుత్వానికి డబ్బు కావాలి. రేవుల్లో సుంకం పెంచుదామంటే పదో షరతు అడ్డం. అందుకే 1853లో లీజిన్ అనే పన్ను పుట్టింది. దేశం లోపల సరుకు కదిలినప్పుడల్లా దారిలో వసూలు చేసే పన్ను ఇది. వసూలు చేసింది రాష్ట్రాల అధికారులు. ఖర్చు పెట్టింది కూడా చాలావరకు వాళ్లే, చింగ్ అధికారి జెంగ్ గ్వోఫాన్ హునాన్ రాష్ట్రంలో కూడగట్టిన సైన్యం లాంటి వాటి మీద. 1864లో నాన్‌జింగ్‌ను తిరిగి పట్టింది ఆ సైన్యమే. ఈ పేజీలో మూడో గడిని రెండుగా చీల్చండి. సుంకం విదేశీయుల చేతికి వెళ్లింది. పన్ను, సైన్యం రాష్ట్రాల చేతికి వెళ్లాయి. బీజింగ్‌కు ఏం మిగిలిందో మీరే రాయండి.

వచ్చే వారానికి అభ్యాసం: విదేశీయుల మీద లేచిన బాక్సర్ తిరుగుబాటు తర్వాత 1901లో చైనాకూ విదేశీ రాజ్యాలకూ మధ్య కుదిరిన ఒప్పందం. 45 కోట్ల తైలుల (తైలు అంటే వెండిని తూచే చైనా తూకం) వెండి, 39 ఏళ్ల వాయిదాలు, 4 శాతం వడ్డీ. మొదటి రెండు గడుల మీద ఎక్కువసేపు కూర్చోవద్దు. ఆ వాయిదాలకు హామీగా ఏ ఏ ఆదాయాలు రాసిచ్చారో వెతకండి. ఉప్పు అన్న మాట కనిపించేదాకా చదవడం ఆపకండి.