‘ది కాస్క్ ఆఫ్ అమాంటిలాడో’ పాఠం: క్లాసులో వచ్చే చిక్కులు, పరిష్కారాలు

ఎడ్గార్ అలన్ పో రాసిన ఈ కథ 1846లో అచ్చయింది. ఇటలీలో కార్నివాల్ సందడి. పీపాలో ఉన్నది అసలైన అమాంటిలాడో వైనో కాదో తేల్చాలంటూ మాంట్రెసర్ తన స్నేహితుడు ఫార్చునాటోని సమాధుల నేలమాళిగలోకి తీసుకెళ్తాడు. అక్కడ గొలుసుతో కట్టి, బతికుండగానే అతని ముందు గోడ కట్టేస్తాడు.

సమస్య: “ఐరనీ అంటే వెటకారమే కదా సార్?”

కారణం: కథకంటే ముందు ఐరనీ (పైకి కనిపించేది ఒకటి, అసలు సంగతి ఇంకొకటి) నిర్వచనం బోర్డెక్కింది. పిల్లలు దాన్ని బట్టీపట్టి, కథలో దొరికిన ప్రతి ఎత్తిపొడుపుకీ తగిలిస్తారు.

పరిష్కారం: ముందు కథ పూర్తిగా చదివించండి. తర్వాత బోర్డు మీద రెండు గడులు గీయండి: ఫార్చునాటోకి తెలిసింది, మాంట్రెసర్‌కి తెలిసింది. ఇప్పుడు దగ్గు దగ్గరికి రండి. “దగ్గుతో చావనులే” అంటాడు ఫార్చునాటో. “నిజమే, నిజమే” అంటాడు రెండోవాడు. ఈ రెండు ముక్కల్నీ గడుల్లో పెట్టిస్తే చాలు, నిర్వచనం పిల్లలే చెప్తారు. ఇంకా కావాలంటే గోడ కట్టే తాపీ ఉంది. ఫ్రీమేసన్ అంటే ఓ రహస్య సంఘం సభ్యుడు, ఉత్త ‘మేసన్’ అంటే తాపీ మేస్త్రీ. ‘నువ్వు ఫ్రీమేసన్‌వా?’ అని ఫార్చునాటో నమ్మలేక రుజువు అడిగితే, మాంట్రెసర్ అంగీ మడతల్లోంచి తాపీ తీసి చూపిస్తాడు. ఎదుటివాడు దాన్ని జోక్ అనుకుంటాడు. ప్రతీకారం సంగతి మొదటి పేరాలోనే చెప్పి, ఎలాగో మాత్రం దాచాడు పో. అందుకే రెండోసారి చదివితేనే తాపీ భయపెడుతుంది. ఈ పాఠానికి ఒక్క పీరియడ్ ఇస్తే నా దృష్టిలో అది దండగే.

సమస్య: “ఫార్చునాటో అవమానించాడు కాబట్టి మాంట్రెసర్ చంపాడు, ఇందులో ద్రోహమేముంది?”

కారణం: కథ చెప్పే మాంట్రెసర్‌ని జడ్జిలా నమ్మేశారు. వెయ్యి గాయాలంటాడు, ఒక్కటీ చెప్పడు.

పరిష్కారం: ఆ అవమానం ఏమై ఉంటుందో ఊహించనివ్వకండి, ఆ ఖాళీ అలాగే ఉండాలి. బదులుగా మాంట్రెసర్ ప్రేమ ఒలకబోసిన ప్రతి వాక్యం కింద గీత గీయించండి: “నీ ఆరోగ్యం విలువైనది, వెనక్కి పోదాం.” వెళ్లిపొమ్మన్నకొద్దీ ఫార్చునాటో ముందుకే నడుస్తాడు, పైగా లుకెసీ అనే పోటీదారు పేరెత్తి మాంట్రెసర్ రెచ్చగొడతాడు. గీతలన్నీ వరసగా చదివిస్తే, వెన్నుపోటు గోడ కట్టకముందే మొదలైందని వాళ్లకే తెలుస్తుంది.

సమస్య: నైటర్ (చెమ్మ గోడల మీద పేరుకునే తెల్లటి ఉప్పు), కాటకూంబ్స్ (సమాధుల నేలమాళిగ) లాంటి పదాల దగ్గరే బండి ఆగిపోతోంది.

ముందురోజే పది పదాల చీటీ ఇచ్చేయండి.

సమస్య: “మాంట్రెసర్ బాధపడ్డాడా, లేదా?” అని క్లాసు రెండుగా చీలి, అరుపులు.

కారణం: చివర్లో తన గుండె నీరసించిందంటాడు, వెంటనే అది నేలమాళిగ చెమ్మవల్లే అంటాడు. ఇదంతా జరిగి యాభై ఏళ్లైందనీ చెప్తాడు.

పరిష్కారం: తీర్పు మీరు చెప్పకండి. ఏ పక్షమైనా సరే, కథలోంచి వాక్యం చూపించినవాళ్లకే మార్కులు.