పని – సమయం: 4వ పాఠం – గడియల్లో అంచనా వేయడం

పోయిన పాఠంలో మూడు రోజుల పాటు చేసిన ప్రతి పనికీ మొదలుపెట్టిన టైము, ముగించిన టైము రాయమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఇది చదవండి. రాయనివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి, తొందరేమీ లేదు.

ఇవాళ నేర్చుకునేది ఒక్కటే: ఒక పనికి ఎంతసేపు పడుతుందో ముందే చెప్పగలగడం.

"ఎప్పటికి అవుతుంది?" అని పైవాళ్లు అడగ్గానే మన నోట వచ్చేది "గంటలో ఇచ్చేస్తా సార్". అబద్ధమాడాలని అనం. ఆ క్షణంలో నిజంగానే అలా అనిపిస్తుంది. మనసులో మెదిలే పనిలో ఫోన్లు మోగవు, సర్వర్ ఆగదు, సంతకం పెట్టాల్సినవాళ్లు సీట్లోనే ఉంటారు. ఈ పొరపాటుకు డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ అనే సైకాలజిస్టులు 1979లో ప్లానింగ్ ఫ్యాలసీ అని పేరు పెట్టారు. 1994లో అచ్చయిన ఒక కెనడా పరిశోధనలో, థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని విద్యార్థులను అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లు పడుతుందంటే దాదాపు 49 అన్నారు. చివరికి పట్టింది 55 రోజుల పైనే. భయపడి చెప్పిన లెక్క కూడా చాల్లేదన్నమాట. అందుకే "ఇంకో గంట కలుపుకుంటే సరిపోతుంది" అనే సలహాను నేను నమ్మను. పోయినసారి నిజంగా ఎంత పట్టిందో చూసుకోవాలి, అంతే.

చూసుకోవాలంటే కొలత కావాలి. గంట పెద్దది, అందులో సగం ఎటు పోయిందో తెలియదు. నిమిషాలు రాయబోతే విసుగు. మనకు పాత కొలత ఒకటుంది: గడియ. రోజుకు 60 గడియలు, అంటే ఒక్కోటి 24 నిమిషాలు. రెండు గడియలు ఒక ముహూర్తం. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీళ్లలో వదిలి, అది మునిగేసరికి ఒక గడియ అని పూర్వం లెక్కపెట్టేవారు. గడియారం అనే మాటలో ఉన్నది ఆ గడియే. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో 25 నిమిషాల చొప్పున చదివాడు. పొమొడోరో పద్ధతి అక్కడే పుట్టింది. ఇటాలియన్‌లో ఆ మాటకు అర్థం టమాటా. మన గడియ దానికి ఒక్క నిమిషమే తక్కువ. మనిషి మనసు కుదురుగా నిలిచే నిడివి అటూఇటూగా అంతే కాబోలు అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు నా సొంత లెక్క చెబుతాను. నేను ఒక చిన్న వ్యాపార సంస్థలో అకౌంట్స్ చూసేవాణ్ణి. నెలనెలా జీఎస్‌టీఆర్-3బీ రిటర్న్, అంటే ఆ నెల జీఎస్‌టీ పన్ను లెక్క చూపే పత్రం, మరుసటి నెల 20వ తేదీకల్లా వేయాలి. నా అంచనా ఎప్పుడూ రెండు గంటలు, అంటే 5 గడియలు. ఒక నెల పట్టుదలగా రాసి చూశాను. అమ్మకాల రిజిస్టర్ సరిచూడ్డానికి 2. కొనుగోలు బిల్లులను 2బీతో, అంటే సప్లయర్లు ఎక్కించిన బిల్లులతో జీఎస్‌టీ పోర్టల్‌లో తయారయ్యే పట్టికతో, పోల్చడానికి 5. తేడా వచ్చిన సప్లయర్లకు ఫోన్లు 3. పన్ను కట్టే చలానా 1. ఫైలింగ్, ఓనరు గారి ఫోన్‌కి వచ్చే ఓటీపీ కోసం ఎదురుచూపులతో కలిపి 2. మొత్తం 13 గడియలు, అయిదు గంటల పైమాటే. ప్రతి నెలా 20న రాత్రి దాకా టెన్షన్ ఎందుకో ఆ కాగితం చూస్తేనే అర్థమైంది.

కానీ ఆ కాగితంలో నన్ను మార్చింది మొత్తం అంకె కాదు, ఫోన్లకు పోయిన ఆ మూడు గడియలు. నెలనెలా రిటర్న్ వేసే సప్లయరు తన అమ్మకాల బిల్లులు చూపే జీఎస్‌టీఆర్-1కు గడువు 11వ తేదీ. ఆలోగా మన బిల్లు ఎక్కిస్తే 14న తయారయ్యే మన 2బీలో కనిపిస్తుంది. ఎక్కించకపోతే ఆ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకునే వీలు, తర్వాతి నెలకు జారిపోతుంది. అంటే 20న చేసే ఫోన్లకు ఆ నెలకు సంబంధించి ఫలితమే లేదు. అవే ఫోన్లు 8న, 9న చేయడం మొదలుపెట్టాను. చివరి రోజు పని తగ్గింది, బిల్లులు కూడా సమయానికి కనిపించాయి.

మీరు గీయాల్సిన పట్టికలో మూడు గడులు ఉండాలి. అంచనా గడియలు, అసలు గడియలు, ఎవరి కోసం ఆగాం. మూడోదాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. దయచేసి వదలకండి. ఒంటరిగా చేసే పనిలో కూడా అంచనా తప్పుతుంది. ఇంకొకరి చెయ్యి పడాల్సిన పనిలో ఇంకా ఎక్కువ తప్పొచ్చు. అసలు గడియలు అంచనాకు ఎన్ని రెట్లయ్యాయో చూడండి, కానీ ఆ ఒకే గుణకం అన్నిటికీ వాడొద్దు. ఎంట్రీ పని వేరుగా, ఫోన్ల పని వేరుగా లెక్కగట్టండి.

ఈ వారం అభ్యాసం: రోజుకు మూడు పనులు చాలు. మొదలుపెట్టక ముందే అంచనా రాయండి, మొదలుపెట్టాక రాస్తే అది లెక్కలోకి రాదు. ఫోన్‌లో 24 నిమిషాలకు టైమర్ పెట్టి, నోటిఫికేషన్లు ఆపండి. ఎవరైనా పిలిచి రెండు నిమిషాలు దాటితే ఆ గడియను కొట్టేసి కొత్తది మొదలుపెట్టండి. కొట్టేసినవి కూడా కాగితం మీద కనబడాలి. గడియ ముగిశాక లేచి నాలుగడుగులు వేయండి, మంచినీళ్లు తాగండి. కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లకు జనం ఉన్న వేళల్లో ఇది కుదరదు. మీరు జనం పలచబడ్డాక ఒక్క గడియే ప్రయత్నించండి.

అయిదు రోజుల పట్టిక 5వ పాఠానికి కావాలి. గడువు పైవాళ్లే నిర్ణయించి ఇచ్చినప్పుడు, ఈ అంకెలు చూపించి వాళ్లతో ఎలా మాట్లాడాలో అందులో చూద్దాం.