ఉమ్మడి గోడకు గీజర్ బిగించే ముందు

25 లీటర్ల గీజర్ నిండితే నీళ్ల బరువే 25 కిలోలు, దాని సొంత బరువు వేరే.

- ముందు పక్కింటివాళ్లకు చెప్పండి. అటువైపు గోడకు టీవీ, అద్దం, దేవుడి పటాలు ఉంటే డ్రిల్లు అదురుకు పడిపోవచ్చు. కాసేపు తీసిపెట్టమనండి.
- గోడ మందం చూడండి. తొమ్మిది అంగుళాలైతే టెన్షన్ తక్కువ. నాలుగున్నర అంగుళాలదైతే, అటువైపు అదే చోట వాళ్ల బోల్టులు ఉన్నాయేమో అడగాలి. నన్నడిగితే ఆ గోడ వదిలేసి మరో గోడ చూసుకోవడమే మేలు.
- డ్రిల్ బిట్‌కు కావలసిన లోతు దగ్గర టేపు చుట్టండి.
- స్విచ్‌బోర్డుకు నేరుగా పైన, కింద రంధ్రం వద్దు, గోడలో వైర్లు ఉండొచ్చు. ఆ గది ఎంసీబీ (కరెంటు బోర్డులో ఆ గదికి సరఫరా ఆపే స్విచ్) ఆపి, డ్రిల్లుకు కరెంటు వేరే గది నుంచి తీసుకోండి.
- ప్లాస్టిక్ ప్లగ్గులు చాలవు, యాంకర్ బోల్టులే (బిగిస్తే రంధ్రంలో విచ్చుకుని గోడను పట్టుకునే లోహపు బోల్టులు) వాడండి.