తల్లిదండ్రుల వీలునామాను ప్రశ్నించదలచినవారు తెలుసుకోవలసినవి

తండ్రి రాసిన వీలునామాలో తన పేరు లేదని తెలిసినప్పుడు కొడుకైనా, కూతురైనా ‘ఇది న్యాయమా’ అని బాధపడటం సహజం. అయితే స్వార్జితాన్ని ఇష్టమైనవారికి రాసే హక్కు హిందూ తండ్రికి ఉంది కాబట్టి, ఆ పత్రాన్ని ఆయన తెలివిలో ఉండి, తన ఇష్టంతో, చట్టం చెప్పిన పద్ధతిలో రాశారా లేదా అన్నదే కోర్టు విచారిస్తుంది. సంతానంలో ఒకరికి తక్కువ దక్కిందన్న కారణం ఒక్కటే దావాను నిలబెట్టదు. ముస్లిం కుటుంబాల్లో పద్ధతి వేరు: అక్కడ వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా ద్వారా ఇవ్వడం చెల్లదు.

ముందుగా పత్రం నకలు సంపాదించండి. వీలునామా రిజిస్టరై ఉంటే, రాసినవారు మరణించిన తరువాత ఎవరైనా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు చేసి ధ్రువీకృత నకలు తీసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్టరైనంత మాత్రాన అనుమానాలన్నీ తొలగిపోవు కూడా. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి; రాసినవారు సంతకం చేయడాన్ని వారిలో ప్రతి ఒక్కరూ చూసి ఉండాలి, లేదా అది తన సంతకమేనని ఆయన నోటినుంచి విని ఉండాలి; ఆపైన ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి.

ఆ తరువాత ఆస్తి ఎలా వచ్చిందో చూడండి. చాలామంది సంతకం మీద పోరాడుతూ దీన్ని వదిలేస్తారు గానీ, నా దృష్టిలో తొలుత పరిశీలించవలసింది ఇదే. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో తండ్రి తన వాటాను మాత్రమే వీలునామాగా రాయగలరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో కూతుళ్లకూ పుట్టుకతోనే సమాన వాటా ఉందని చట్టం గుర్తించింది కనుక, అంతకుముందే చట్టబద్ధమైన పంపకం జరగని ఇంటిని మొత్తంగా ఒక్కరికే రాసినట్లయితే, వీలునామా నిజమైనదే అయినా మిగిలినవారి వాటాలు చెక్కుచెదరవు.

అనుమానాస్పద పరిస్థితులుంటే వాటిని తొలగించవలసిన బాధ్యత వీలునామాను ముందుకు తెచ్చినవారిదేనని సుప్రీంకోర్టు 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. వణికిన సంతకం, మంచం పట్టిన రోజుల్లో రాయించిన పత్రం, లబ్ధి పొందినవారే దగ్గరుండి రాయించడం వంటివి అటువంటి పరిస్థితులు. మోసం చేశారని, బలవంతపెట్టారని మీరే ఆరోపిస్తే మాత్రం రుజువు చేయవలసిందీ మీరే. అందుకే ఆసుపత్రి రికార్డులు, పాత సంతకాలున్న బ్యాంకు కాగితాలు వెంటనే భద్రపరచండి. అవతలివారు ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) కోరబోతున్నారని తెలిస్తే కేవియట్ (తనకు తెలియజేయకుండా ముందుకు వెళ్లవద్దని కోర్టుకు ఇచ్చే అర్జీ) దాఖలు చేయండి. అప్పుడు మీకు నోటీసు ఇవ్వకుండా విచారణ ముందుకు సాగదు.

వీలునామా చెల్లినా, దాన్ని అమలుచేయడానికి అందులో నియమించిన ఎగ్జిక్యూటర్‌ను లెక్క అడిగే హక్కు మీకు పోదు. ఆస్తి ఆయన చేతికి వచ్చేది పంచిపెట్టడానికే గాని సొంతానికి వాడుకోవడానికి కాదు. ఆయన మీ అన్నయ్యే అయినా ఇదే నియమం. అంత్యక్రియల ఖర్చు, చివరి రోజుల వైద్యం ఖర్చు ముందు చెల్లించాలి; తరువాత ప్రొబేట్ ఖర్చు, ఆపైన అప్పులు; అవన్నీ తీరాకే పంపకం. ప్రొబేట్ వచ్చిన 6 నెలల్లో ఆస్తుల జాబితాను, ఏడాదిలో జమాఖర్చులను కోర్టుకు సమర్పించాలి. మరణించిన తేదీనుంచి ఏడాది దాకా వాటాలు చెల్లించితీరాలన్న నిర్బంధం ఆయనకు లేదు. కాబట్టి ఆలస్యమైనంత మాత్రాన దురుద్దేశం అంటగట్టకండి. ఆస్తిని దుర్వినియోగం చేస్తే ఆ నష్టాన్ని ఆయన సొంతంగా పూడ్చాలి. తగిన కారణం చూపితే హైకోర్టు ఆయనను తొలగించగలదు కూడా.

వివాదం నడుస్తుండగా ఆస్తి చేతులు మారుతుందన్న భయం ఉంటే, దావా తేలేవరకు తాత్కాలిక నిర్వాహకుణ్ణి నియమించమని 1925 నాటి చట్టం 247వ సెక్షన్ కింద కోర్టును కోరవచ్చు. అలా నియమితుడైన వ్యక్తి కోర్టు అదుపులోనే పనిచేస్తాడు, ఆస్తిని ఎవరికీ పంచలేడు.