ఇంజన్ ఎందుకు వేడెక్కుతోంది? మూడవ పాఠం: ఆగినప్పుడా, పరుగులోనా?

గత పాఠంలో ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ మట్టం చూడడం, కారే చోటును కనిపెట్టడం నేర్చుకున్నాం. మట్టం సరిగానే ఉండి, ఎక్కడా చుక్క కారకపోయినా డాష్‌బోర్డులో ఇంజన్ వేడిని చూపే ముల్లు ఎర్రగీత వైపు ఎగబాకుతుంటే, పానా పట్టుకోవడానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: బండి ఎప్పుడు వేడెక్కుతోంది?

మే నెల మధ్యాహ్నం అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా నత్తనడక నడిచేటప్పుడు లేచిన ముల్లు, అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి వేగం అందుకోగానే దిగివస్తుంటే ముందుగా, కూలెంట్ వేడిని గాలికి వదిలే రేడియేటర్‌కు గాలి విసిరే ఫ్యాన్‌ను అనుమానించాలి. పరుగులో ఎదురుగాలి చేసే పనిని, బండి ఆగినప్పుడు ఫ్యాన్ ఒక్కటే చేయవలసి ఉంటుంది. అలా కాక సిగ్నళ్ళ దగ్గర నిలకడగా ఉండి, వేగం పెరిగినకొద్దీ వేడెక్కితే లోపాన్ని కూలెంట్ ప్రవాహంలో వెతకాలి. పూడిన రేడియేటర్, అరిగిన వాటర్ పంపు, సగమే తెరుచుకునే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కు కూలెంట్ దారి తెరిచే మూత) ఈ కోవలోవే. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ కనుక, ఏళ్ళ తరబడి వాటినే పోసిన రేడియేటర్ పూడకపోతేనే ఆశ్చర్యం.

ఫ్యాన్ పరీక్ష తేలిక. ఇంజన్ నడుస్తుండగా బానెట్ ఎత్తి, ఏసీ వేయించండి. చాలా కార్లలో కాసేపటికే ఫ్యాన్ తిరగాలి. చేతులను, చున్నీ కొంగులను దూరంగా ఉంచండి. ఇంజన్ ఆపిన తరువాత కూడా అది ఒక్కసారిగా తిరగవచ్చు. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే సెన్సర్‌నూ దాని వైర్లనూ చూడాలి. దేనికీ తిరగకపోతే ఫ్యూజు, ఆ తరువాత రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్చు), చివరగా మోటారు.

ఈ వరుస తప్పినందుకు నేనే మూల్యం చెల్లించాను. మెహదీపట్నంలో రోజూ వేడెక్కే నా బండికి ఒక మెకానిక్ థర్మోస్టాట్ మార్చాడు, వారం తరువాత రేడియేటర్ కూడా మార్చాలన్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఫ్యాన్ రిలే ఊడబెరికి చూస్తే, ఒక కాలు నల్లగా మాడి, దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉబ్బి ఉంది. సరిగ్గా అదే నంబరున్న హారన్ రిలేను అక్కడ గుచ్చగానే ఫ్యాన్ తిరిగింది.

థర్మోస్టాట్ మీద అనుమానముంటే, పూర్తిగా చల్లారిన ఇంజన్ నుంచి దాన్ని విప్పి, గిన్నెడు నీళ్ళలో అడుగు తగలకుండా దారంతో వేలాడదీసి, థర్మామీటరు ఉంచి కాచండి. దాని మీద 82 అనో 88 అనో చెక్కి ఉంటుంది. నీళ్ళు ఆ వేడికి అటూ ఇటూగా చేరినప్పుడు మూత కదలడం కంటికి కనిపించాలి. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనున్న హైదరాబాదులో నీళ్ళు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి. ఈ పరీక్షకు అది చాలు. మరిగినా మూత కదలకపోతే కొత్తది వేయండి. థర్మోస్టాట్‌ను తీసిపారేసి నడపమనే సలహా మన షెడ్లలో తరచు వినిపిస్తుంది కానీ, దాన్ని నేను ఒప్పుకోను: ఇంజన్ తన వేడికి ఆలస్యంగా చేరి ఇంధనం ఎక్కువ తాగుతుంది.

వచ్చే పాఠం హెడ్ గాస్కెట్ గురించి. ఈలోగా వారం రోజులపాటు ముల్లు లేచిన ప్రతిసారీ వేగం, ఏసీ వేసి ఉందా లేదా, ముల్లు ఎక్కిన ఎత్తు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.